గంజాయి తాగడం నా హక్కు కాదా? కావలి నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "మా సందు మొదట్లో బ్రాందీ షాపు, సందు చివర బెల్టు షాపు. రెండూ సర్కారు కళ్ల ముందే నడుస్తున్నాయి. మా తమ్ముడు ఇంజనీరింగ్ మూడో ఏడాది. బస్టాండు దగ్గర వాడి బ్యాగులో 30 గ్రాముల గంజాయి దొరికిందని కేసు కట్టారు. వాడి ఒళ్లు, వాడి ఇష్టం. ఎవరికీ హాని చెయ్యనిదాన్ని నేరం అనడం రాజ్యాంగ విరుద్ధం కాదా అన్నా? ఆ పాయింటు మీద కేసు కొట్టేయించలేమా?"

ఆ పాయింటు మీద కొట్టేయించలేరు. అయితే మీ తమ్ముడికి హక్కులు లేవని కాదు. ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. మీరు వెతుకుతున్న చోట లేవు, అంతే. మీ వాదనలో పస ఎంతో, అది కోర్టులో ఎందుకు నిలవదో తర్వాత చెప్తాను. ముందు కేసు సంగతి చూద్దాం.

1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల) చట్టం తక్కెడ చట్టం. మనిషి ఎవరు, దేనికి పెట్టుకున్నాడు అన్నదానికంటే ఎంత తూగింది అన్నదాన్ని బట్టే శిక్ష. గంజాయి కిలో లోపు ఉంటే "చిన్న పరిమాణం". సెక్షన్ 20(బి)(ii)(ఎ) కింద ఏడాది దాకా కఠిన జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2014 సవరణకు ముందు ఇది ఆరు నెలలే ఉండేది. కిలో నుంచి 20 కిలోల దాకా అయితే పదేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. 20 కిలోలు దాటితే "వాణిజ్య పరిమాణం": తక్కువలో తక్కువ పదేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్లు. దీనికి బెయిలు అడిగితే సెక్షన్ 37 అడ్డం పడుతుంది. ఇతను నేరం చెయ్యలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయి, బయటికొచ్చినా మళ్లీ చెయ్యడు అని జడ్జికి అనిపించాలి. అంటే విచారణ మొదలు కాకముందే సగం విచారణ గెలవాలన్నమాట. మన పేపర్లలో వచ్చే పెద్ద కేసులు చాలావరకు ఈ మూడో రకానివే. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి చెన్నై వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద పోయే సరుకు ఒంగోలు, కావలి, నెల్లూరు దాటాల్సిందే, వెంకటాచలం టోల్‌గేటు తప్పించుకోలేదు. దొరికేది బస్సులో గోతాం మోసే కూలి మనిషి. పంపినవాడూ అందుకునేవాడూ చార్జిషీటులో "పరారీలో ఉన్నారు" అనే రెండు మాటల్లో మిగిలిపోతారు.

మీ తమ్ముడిది మొదటి రకం. 30 గ్రాములంటే కిలోలో ముప్పైమూడో వంతు కూడా కాదు. తాగినట్టు కూడా రాస్తే సెక్షన్ 27(బి) కలుస్తుంది, ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 దాకా జరిమానా లేదా రెండూ. ఈ కిలో లెక్క గంజాయికే, అన్నిటికీ కాదు. చరస్ అయితే 100 గ్రాములు, హెరాయిన్ అయితే 5 గ్రాములు, ఎండీఎంఏ (పార్టీ బిళ్లల మందు) అయితే అర గ్రాము. పైగా 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కలిపిన పిండీ పంచదారా కూడా బరువులోకే వస్తాయని తేల్చింది. అసలు మందు ఎంతో కాదు, బిళ్ల మొత్తం ఎంత తూగుతుందో చూస్తారు. రెండు బిళ్లలకే అర గ్రాము దాటిపోవచ్చు. హాస్టల్ కుర్రాళ్లకు ఈ సంగతి తెలీదు. "గంజాయి కిలో దాకా పర్లేదంట" అనే సగం మాట ఒకటి గదుల్లో తిరుగుతూ ఉంటుంది. కిలో లోపయినా అది నేరమే, శిక్షే తక్కువ.

ఇప్పుడు కాగితాలు. ఎఫ్ఐఆర్, మధ్యవర్తుల నివేదిక (పంచనామా), రిమాండ్ రిపోర్టు, అరెస్టు మెమో, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుని టైములు చూడండి. సమాచారం ఎన్నింటికి వచ్చింది, తనిఖీ ఎన్నింటికి, తూకం ఎన్నింటికి, ఎఫ్ఐఆర్ ఎన్నింటికి. ఒక కాగితంలో సాయంత్రం నాలుగు, ఇంకో దాంట్లో ఆరున్నర అని ఉంటే, తర్వాత సాక్షిని అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

సెక్షన్ 50 గురించి యూట్యూబులో చూసి చాలామంది ఆశ పెట్టుకుంటారు. ఒంటిమీద తనిఖీ చేసే ముందు "గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ తనిఖీ చేయించుకునే హక్కు నీకుంది" అని ఆ మనిషికి చెప్పాలి. చెప్పకపోతే ఆ పట్టివేత మీద శిక్ష నిలవదు. 1999లో బల్‌దేవ్ సింగ్ కేసు, 2010లో విజయ్‌సింగ్ చందుభా జడేజా కేసు ఈ మాట గట్టిగా చెప్పాయి. మన వైపు ఆ అధికారి ఎక్కువగా తహసీల్దారే అవుతారు. కానీ ఇది జేబుకూ నడుముకూ వర్తిస్తుంది, చేతిలో సంచికి వర్తించదని 2005లో పవన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. మీ తమ్ముడి సరుకు బ్యాగులో దొరికిందంటున్నారు, కాబట్టి ఈ తలుపు మీకు దాదాపు మూసుకుపోయినట్టే. బ్యాగుతో పాటు జేబులు కూడా వెతికారా అన్నది మాత్రం అడిగి చూడండి. అదే హాస్టల్ గదిలో దొరికి ఉంటే లెక్క వేరు. సెక్షన్ 42 ప్రకారం సమాచారాన్ని ముందు రాసి పెట్టుకోవాలి, 72 గంటల్లో పై అధికారికి నకలు పంపాలి, పొద్దుగూకిన తర్వాత వారంటు లేకుండా లోపలికి పోతే ఎందుకు పోవాల్సి వచ్చిందో రాయాలి. బస్టాండు బహిరంగ స్థలం కాబట్టి అక్కడ సెక్షన్ 43, అంత పట్టింపు లేదు.

తర్వాత నమూనాలు. సెక్షన్ 52ఎ ప్రకారం మేజిస్ట్రేటు ఎదుట జాబితా ధ్రువీకరించాలి, నమూనాలు ఆయన ఎదుటే తియ్యాలి. 2016లో మోహన్‌లాల్ కేసు, ఆ తర్వాత 2022 నాటి నిబంధనలు ఇదే చెప్తున్నాయి. గంజాయి అయితే ఒక్కో నమూనా 24 గ్రాములు, అదీ రెండేసి. ఇక్కడ మీ కేసులో తమాషా చూడండి: ఉన్నదే 30 గ్రాములు, రెండు నమూనాలకు 48 కావాలి. అప్పుడు ఎంత తీశారు, ఎంత పంపారు, సీలు ఎవరిది, ఫోరెన్సిక్ ల్యాబు ఎఫ్ఎస్ఎల్‌లో అందినప్పుడు బరువు ఎంత రాశారు అన్నవి నాలుగూ సరిపోలాలి. ఇంకోటి, చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాత ఉన్న కొసలు. కొసలు లేకుండా ఆకులూ గింజలూ మాత్రమే ఉంటే అది కేంద్ర చట్టం లెక్కలో గంజాయి కాదు. కాశీలో భంగు దుకాణాలు సర్కారు లైసెన్సుతో నడిచేది అందుకే. ఇది చదివి "మాది భంగే సార్" అనొద్దు. రాష్ట్ర ఎక్సైజు చట్టం ఉండనే ఉంది. పొట్లంలో పూత ఉంటే ఆకూ గింజా కలిసే తూగుతాయి.

అరెస్టు విషయం. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి నేర ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పిలవడమే పద్ధతి. అరెస్టు చేస్తే ఎందుకు చేశారో రాయాలి. చిన్న పరిమాణం కేసు బెయిలబులా కాదా అన్నదాని మీద హైకోర్టుల్లో ఒక మాట లేదు. బాంబే హైకోర్టే 2010లో ఒకటి, 2020లో ఇంకొకటి చెప్పింది. ఎటు చూసినా సెక్షన్ 37 గొళ్లెం దీనికి పడదు. ఇద్దరు సూరిటీలు, సొంత పూచీకత్తు సిద్ధం చేసుకోండి. స్టేషన్లో తమ్ముడు "నేనే కొన్నాను, ఫలానా వాడు ఇచ్చాడు" అని రాసిచ్చాడని భయపడుతుంటే, 2020 తోఫాన్ సింగ్ తీర్పు తర్వాత ఈ చట్టం కింద అధికారం ఉన్న ఆఫీసరుకు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా పనికిరాదు.

అసలు ప్రమాదం ఫోనులో ఉంటుంది. నలుగురు కుర్రాళ్లు తలా రెండొందలు ఒకడికి ఫోన్‌పే చేస్తారు, ఆ ఒక్కడు పోయి తెస్తాడు. వాళ్ల దృష్టిలో వాడు స్నేహితుడు. దర్యాప్తు దృష్టిలో నలుగురి దగ్గర డబ్బు తీసుకుని సరుకిచ్చినవాడు, అంటే అమ్మకందారు. చిన్న పరిమాణమే కాబట్టి శిక్ష మారదు గానీ, కుట్ర కింద సెక్షన్ 29 కలుస్తుంది, పేపర్లో "ముఠా" అవుతుంది, కాలేజీ సస్పెండు చేస్తుంది. పొరపాటున 27ఎ, అంటే ఈ దందాకు పెట్టుబడి పెట్టడం, కలిపారా అని రిమాండ్ రిపోర్టు రెండుసార్లు చదవండి. అది పది నుంచి ఇరవై ఏళ్ల సెక్షను, 37 వచ్చి కూర్చుంటుంది. తలా రెండొందలు వేసుకోవడాన్ని పెట్టుబడి అనడం చెల్లదని వెంటనే వాదించాలి.

ఇక మీ అసలు వాదన. "నా ఒళ్లు నా ఇష్టం" అన్నది తేలిక మాటేమీ కాదు. 19వ శతాబ్దంలో జాన్ స్టూవర్ట్ మిల్ చెప్పింది అదే: ఒకడి ఇష్టానికి ఎదురుగా అధికారం వాడాలంటే ఇతరులకు హాని జరగకుండా ఆపడమే కారణం కావాలి, "నీ మంచి కోసమే" అంటే చాలదు. అయితే పిల్లలకు ఈ సూత్రం వర్తించదని ఆయనే అన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వమే వేసిన భారత గంజాయి కమిషన్ 1893-94లో దేశమంతా తిరిగి, మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, పూర్తి నిషేధం వద్దు, పన్ను వేసి అదుపులో పెట్టండి అని రాసింది. 1948లో రాజ్యాంగ సభలో మద్యనిషేధం చర్చకొచ్చినప్పుడు ఆదివాసీల తరఫున జైపాల్ సింగ్ లేచి, మా బియ్యపు కల్లు మా పూజలో భాగం, దాని జోలికి రావొద్దన్నాడు. అయినా అధికరణం 47 నిలిచింది: ఆరోగ్యానికి హాని చేసే మత్తు పానీయాలూ మందులూ, వైద్యానికి తప్ప, వాడకుండా చెయ్యడానికి రాజ్యం ప్రయత్నించాలి. ఇది ఆదేశిక సూత్రం, దీన్ని అమలు చెయ్యమని కోర్టుకు పోలేం. కానీ ఒక చట్టం సమంజసమా కాదా అని తూచేటప్పుడు సర్కారు పళ్లెంలో పడే రాయి ఇదే.

మీ పళ్లెంలో ఉన్నది అధికరణం 21. 2017లో తొమ్మిదిమంది జడ్జీలు పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. దాన్ని తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి మించిన దెబ్బ కొట్టకూడదు అన్నారు. మొదటి రెండూ ఎన్‌డీపీఎస్‌కు ఉన్నాయి. మూడోదాని మీదే పోరాటం, అది ఇంకా ఎవరూ గెలవలేదు. మద్యం విషయంలో దగ్గరగా వచ్చింది పాట్నా హైకోర్టు. 2016 సెప్టెంబరు 30న బీహారు నిషేధ నోటిఫికేషన్ కొట్టేస్తూ ఇద్దరు జడ్జీల్లో ఒకరు, ఇంట్లో కూర్చుని తాగడం గోప్యతలో భాగమన్నారు. రెండోవారు ఆ ఒక్క అంశంలో కలవలేదు. వారానికే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, ఈలోపు బీహారు కొత్త చట్టం తెచ్చేసుకుంది. అమ్మేవాళ్ల వైపు నుంచి చూస్తే 1994 ఖోడే డిస్టిలరీస్ తీర్పు ఉంది: మత్తు పదార్థాల వ్యాపారం ప్రాథమిక హక్కు కాదు. వీటన్నిటి మధ్య 30 గ్రాముల కేసులో మేజిస్ట్రేటు ముందు 21వ అధికరణం చదవడం దండగ. చట్టం చెల్లదని ఆయన చెప్పలేడు కూడా.

"మరి బ్రాందీ షాపు?" దానికి కారణం నీతి కాదు, అధికారాల పంపకం. మత్తు పానీయాలు ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో ఎనిమిదో అంశం. రాష్ట్రం ఇష్టమైతే నిషేధిస్తుంది, ఇష్టమైతే తనే అమ్ముతుంది. 2019 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలో సర్కారే అమ్మింది, 2024 అక్టోబరు నుంచి మళ్లీ ప్రైవేటువాళ్లు. గంజాయి 1961 అంతర్జాతీయ ఒప్పందం నుంచి వచ్చి కేంద్ర చట్టంలో కూర్చుంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్లో గంజాయిని అతి ప్రమాదకర జాబితా నుంచి తీసెయ్యడానికి ఓటింగు జరిగితే 27-25తో నెగ్గింది. నెగ్గించినవాళ్లలో మన దేశం ఉంది. ఇంటికొచ్చి చట్టంలో అక్షరం మార్చలేదు. అక్కడ ఓటేసిన చేత్తోనే ఇక్కడ కేసు కడుతున్నారంటే మీకు కోపం రావడంలో తప్పు లేదు.

ఇప్పుడు మన జిల్లా సంగతికి వస్తాను. నిషేధం మీద ఎవరు మాట్లాడినా నెల్లూరును సాక్ష్యానికి పిలుస్తారు, ఎక్కువమంది తప్పుగానే పిలుస్తారు. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మా మిగతా ఆడవాళ్లూ ఏం చేశారు? అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని, వాచకంలో సీతమ్మ కథ చదువుకుని, ఊళ్లో సారా కొట్టు మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది. వాళ్లు నిలబడింది కొట్టు ముందు, అడ్డుకున్నది వేలంపాట. నెల్లూరులో పాట జరగనివ్వలేదు. మొగుడు తాగొస్తే తిట్టారు, కొందరు చీపురు తిరగేశారు కూడా, కానీ మొగుణ్ణి జైల్లో పెట్టమని వాళ్లు అడగలేదు. కూలి డబ్బు ఇంటికి చేరక ముందే సారా కొట్టులో కరిగిపోకూడదు, ఆ కొట్టు ఊళ్లో ఉండాలా వద్దా అన్నది మేం తేల్చాలి, ఇదీ వాళ్ల డిమాండు. అది హక్కుల ఉద్యమమే. తాగేవాడి హక్కు ఒక్కటే హక్కు కాదు, అదే కప్పు కింద ఉండేవాళ్లకూ ఒకటుంది అన్న ఉద్యమం. "ఎవరికీ హాని చెయ్యనిది" అని మీరు రాసిన మాటకు జవాబు ఢిల్లీలో కాదు, మన జిల్లాలోనే ఉంది. అలాగని "నెల్లూరు ఆడవాళ్లే నిషేధం కోరారు కాబట్టి తాగేవాణ్ణి లోపలెయ్యడం సబబే" అనేవాళ్లు కూడా ఆ ఉద్యమాన్ని చదవలేదు. వాళ్లు కోరింది సరుకు ఆపమని.

ప్రభుత్వం ఆ తేడా పట్టించుకోలేదు. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. అంతవరకు ఆడవాళ్లు అడిగిందే. 1995 జనవరి 16న ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. అమ్మడంతో పాటు కొనడం, దగ్గర పెట్టుకోవడం, తాగడం కూడా నేరమైంది. సరిహద్దుల నుంచి సరుకు రావడం మొదలైంది, ఊట డ్రమ్ములు తోటల్లోకి చేరాయి, ఖజానా ఖాళీ అయింది, 1997లో ఎత్తేశారు. రెండేళ్ల పైచిలుకు. తాగేవాణ్ణి పట్టుకోవడం తేలిక, సరఫరాను పట్టుకోవడం కష్టం. అందుకే ఏ నిషేధ చట్టమైనా కొన్నాళ్లకు తేలికైన పని చుట్టూనే తిరుగుతుంది. ఎన్‌డీపీఎస్‌లోనూ ఇదే తంతు.

పక్కమాట ఒకటి. సారా కొట్టు మూయించిన ఆ కలిగిరి మండలంలోనే పొగాకు వేలం కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వ పొగాకు బోర్డుది. కందుకూరు, కొండపి, టంగుటూరు, పొదిలి, ఒంగోలు, అన్నిచోట్లా అంతే. బేళ్లు వరసగా పెట్టి, గ్రేడు చూసి, కిలోకు ఇంత అని పాట. దేశంలో ఏటా 13 లక్షలమందికి పైగా పొగాకు వల్ల పోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. నెల్లూరు, ప్రకాశం జిల్లాల మెట్ట రైతు బతికేది ఈ పంట మీదే కాబట్టి దాన్ని నిషేధించమని ఎవరూ అనరు, నేనూ అనను. హాని ఎంత అన్నదాన్ని బట్టే చట్టాలు వస్తాయనుకోవడం అమాయకత్వం అని చెప్పడానికే ఈ మాట.

తాగేవాడికి చిక్కకుండా చేస్తే మానేస్తాడన్న నమ్మకానికి ఇంకో దెబ్బ ప్రకాశం జిల్లా కురిచేడులో తగిలింది. 2020 మేలో మద్యం ధరలు ఒక్కసారిగా 75 శాతం పెరిగాయి. జులై చివర్లో కరోనా కట్టడి వల్ల ఊళ్లో షాపులు మూసేశారు. అలవాటు పడ్డవాళ్లు శానిటైజరు తాగారు, పదిమందికి పైగా పోయారు. బ్రాందీలో ఆల్కహాలు నూటికి 42.8 పాళ్లు, శానిటైజరులో 70కి పైనే, అదీ ఒంట్లోకి పోవడానికి తయారుచేసిన సరుకు కాదు. ఇథనాలుకు బదులు మిథనాలు ఉన్న సరుకైతే కడుపులోకి పోయాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని తినేస్తుంది. లక్షణాలు కనిపించడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది కాబట్టి, తాగినవాడు మొదట బాగానే ఉన్నాననుకుంటాడు. మీ ఊళ్లో ఎవరైనా ఇలాంటిది తాగి చూపు మసకేసిందంటే మజ్జిగ, నిమ్మరసం అని కాలయాపన చెయ్యకండి, 108కి ఫోన్ చెయ్యండి. కురిచేడువాళ్లు కావాలని విషం తాగలేదు. రోజూ తాగే ఒళ్లు ఒక్కసారిగా మానితే 6 నుంచి 24 గంటల్లో వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు మూడు రోజుల తర్వాత మతిభ్రమ రావచ్చు. చికిత్స చేతికందకుండా సరుకు మాత్రమే ఆపితే ఆ ఒళ్లు దొరికినదాన్ని తాగుతుంది.

కాబట్టి నా మాట ఇది. అమ్మేవాడి మీద చట్టం ఉండాలి, గట్టిగా ఉండాలి. వాడుకునేవాడి మీద క్రిమినల్ కేసు తీసెయ్యాలి. ఇది గంజాయికి షాపు పెట్టమనడం కాదు, ఆ రెండూ వేరువేరు. పోర్చుగల్ 2001 నుంచి చేస్తున్నది ఇదే. పది రోజుల వాడకానికి సరిపడా సరుకు, గంజాయి ఆకు అయితే 25 గ్రాములు, దగ్గరుంటే కోర్టుకు కాదు, ముగ్గురు సభ్యుల కమిటీ ముందుకు పంపుతారు. చికిత్స కావాలా, జరిమానా చాలా అని వాళ్లు చూస్తారు. సరుకు మాత్రం నిషేధంలోనే ఉంది. అదే పని అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం 2021లో సగం చేసింది: వంద డాలర్ల చీటీ ఇచ్చి, ఫలానా నంబరుకు ఫోన్ చేస్తే జరిమానా మాఫీ అంది. ఫోన్ చేసినవాళ్లు బహు కొద్దిమంది, చికిత్స కేంద్రాలకు డబ్బు ఆలస్యంగా అందింది, వీధుల్లో బాహాటంగా వాడకం కనిపించి జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మళ్లీ నేరం చేశారు. శిక్ష తీసేసిన చోట చికిత్స పెట్టకపోతే అయ్యేది అదే. మీరు "హక్కు" అని ఆగిపోతే మన దగ్గరా అదే అవుతుంది.

మన చట్టంలో కూడా ఈ దారి ఒకటుంది, సన్నటిది. సెక్షన్ 64ఎ. 27వ సెక్షను కింద గానీ, చిన్న పరిమాణం కేసులో గానీ ముద్దాయి అయిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో చికిత్సకు పోయి పూర్తి చేస్తే ఆ నేరానికి విచారణ ఉండదు. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోతుంది. ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఈ వెసులుబాటు "అడిక్ట్"కే, అంటే ఆ పదార్థం మీద ఆధారపడ్డవాడికే అని నిర్వచనం. స్నేహితులతో రెండుసార్లు లాగినవాడికి చట్టం రాతలో ఇది అందదు. మునిగినవాడికి తాడు, మోకాలి లోతులో ఉన్నవాడికి లాఠీ. అలాగని వాడకం లేని కుర్రాడికి వ్యసనపరుడని కాగితం పుట్టించొద్దు. అది రేపు ఉద్యోగానికీ పాస్‌పోర్టుకూ వెంటాడుతుంది, అబద్ధం అని తేలితే ఉన్న రక్షణా పోతుంది. నిజంగా అలవాటు ఉందా లేదా అని ముందు మానసిక వైద్యుడు తేల్చాలి.

దానికి నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకుపోండి. 14446 కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైను. ఊరి చివర బోర్డు పెట్టుకుని "మూడు నెలల్లో మాన్పిస్తాం" అనే ప్రైవేటు ఇళ్లలో వెయ్యకండి. గుర్తింపు లేకపోతే ఆ సర్టిఫికెట్ 64ఎకు పనికిరాదు. తాళమేసి కొట్టే చోట్లూ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మత్తు వ్యసనం వల్ల వచ్చే స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే చూస్తుంది కాబట్టి, అక్కడ చేర్చినవాడికి కూడా రోగి హక్కులన్నీ ఉంటాయి.

గంజాయి మాన్పించడానికి ప్రత్యేకం మందంటూ లేదు. కౌన్సెలింగే ప్రధానం, నిద్రకూ ఆందోళనకూ డాక్టరు కొన్నాళ్లు ఏదైనా ఇవ్వొచ్చు. రోజూ తాగేవాడు ఆపితే ఒకటి నుంచి మూడు రోజుల్లో చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి చచ్చిపోవడం మొదలై, మొదటి వారంలో ఎక్కువై, రెండు వారాలకు తగ్గుతాయి. ఈ రెండు వారాల్లోనే ఇంట్లోవాళ్లు "వీడు మళ్లీ మొదలెట్టాడు" అని గొడవ పెట్టుకునేది. మూత్ర పరీక్ష చేయించి పట్టుకుందామనుకుంటారు. రోజూ వాడినవాడికి ఆపిన నెల దాకా కూడా పాజిటివ్ రావచ్చు, ఒక్కసారి తాగినవాడికి మూడు రోజుల్లో పోవచ్చు. కాబట్టి పాజిటివ్ అంటే నిన్న తాగాడని కాదు. ఇదే మాట 27వ సెక్షను మీద మీ లాయరు కోర్టులో వాడుకోవచ్చు.

ఆసుపత్రిలో చేరినా చేరకపోయినా ఓపీ చీటీ మొదటి రోజు నుంచి దాచండి, తేదీ వరసలో. డిశ్చార్జి సమ్మరీ మీద సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూడండి. తర్వాతి విజిట్లు తప్పించొద్దు, "చికిత్స పూర్తి చేశాడు" అన్న మాట వాటితోనే రుజువవుతుంది. 64ఎ కింద అర్జీ చార్జిషీటు వచ్చాక వేద్దాంలే అని లాయరు అంటే, ఆ రెండు నెలల్లో చికిత్స మొదలుపెట్టించండి, అప్పుడు అర్జీతో పాటు కాగితాలు కూడా చేతిలో ఉంటాయి. శిక్ష పడ్డాక అయినా సెక్షన్ 39 కింద జైలుకు బదులు చికిత్సకు పంపమని అడగొచ్చు. అది జడ్జి ఇష్టం, 64ఎ మీ తమ్ముడి హక్కు. తమ్ముడికి ఇంకా 18 నిండకపోతే ఇవేవీ కాదు, కేసు జువెనైల్ బోర్డుకు పోవాలి. మూడో ఏడాది అంటున్నారు కాబట్టి నిండే ఉంటాయి, అయినా పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఒకసారి చూసుకోండి.